వర్జీనియా కొత్త గవర్నర్ హామీలు ఎంతవరకు వచ్చాయో మనంతట మనం ఎలా చూసుకోవాలి?

అడిగినవారు ఆష్‌బర్న్‌లో ఉంటారు, సిటిజన్‌షిప్ వచ్చాక 2025 నవంబర్‌లో మొదటిసారి ఓటు వేశారు. ఆయన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: డెమోక్రాట్ అబిగైల్ స్పాన్‌బర్గర్ ఖర్చులు తగ్గిస్తామని, కరెంటు బిల్లుల సంగతి చూస్తామని చెప్పి గెలిచారు, 2026 జనవరి 17న గవర్నర్‌గా ప్రమాణం చేశారు. వాట్సాప్ గ్రూపులో ఒకరు మొదటిరోజే అన్నిటి మీదా సంతకం అయిపోయిందంటారు, ఇంకొకరు ఒక్కటీ కదల్లేదంటారు. ఎవరి మాట నమ్మాలి, నాలుగేళ్లపాటు దీన్ని ఎలా గమనించాలి? భార్యకు ఇంకా గ్రీన్‌కార్డే, ఆమె చేయగలిగింది ఏమైనా ఉందా?

ఇద్దరి మాటా పక్కన పెట్టండి. ఒక్కో హామీని విడిగా తీసుకుని ముందు ఒక ప్రశ్న వేయండి: ఈ పని ఎవరి చేతిలో ఉంది? గవర్నర్ సంతకంతో అయిపోయేదా, రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో జనరల్ అసెంబ్లీ (హౌస్, సెనేట్ అనే రెండు సభలు) పాస్ చేయాల్సిందా, కరెంటు రేట్లు తేల్చే కమిషన్ చేతిలో ఉందా, మీ కౌంటీ బోర్డు దగ్గర ఉందా? అది తేలాక రెండో ప్రశ్న: పని జరిగితే ఏ కాగితం మీద కనబడుతుంది, ఏ తేదీకల్లా? ఎవరి చేతిలో, ఏ కాగితం, ఏ తేదీ, ఈ మూడూ పక్కపక్కన రాసుకుంటే గొడవలో సగం అక్కడే తేలిపోతుంది. ప్రెస్ మీట్లు, ఫేస్‌బుక్ పోస్టులు, ఫొటోలు ఈ లెక్కలోకి రావు.

నేను ఉత్తర వర్జీనియాలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను, మా ప్రాంతపు పౌర బృందం ఒకదానిలో వాలంటీర్‌గా టెర్రీ మెక్‌ఆలిఫ్ గవర్నర్‌గా ఉన్నప్పటి నుంచి ఈ హామీల పట్టిక నడుపుతున్నాను. రెండు పార్టీల గవర్నర్లకూ ఇదే కొలత పెట్టాం. కాబట్టి కింద రాసేది పార్టీ వాదన కాదు, పట్టిక ఎలా వేయాలో మాత్రమే.

ముందు హామీని దాచుకోండి. ఇది చాలామంది చేయరు. ఎన్నికలయ్యాక ప్రచారం వెబ్‌సైట్ మారిపోతుంది, కొన్ని పేజీలు మాయమవుతాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత పేజీ దొరికితే దాని లింకు, తేదీ పెట్టుకోండి. మాట మాటకూ రాసుకోండి, మీకు అర్థమైనట్టు తిరగరాయకండి. "బిల్లు వస్తే సంతకం పెడతాను" వేరు, "బిల్లు తెస్తాను" వేరు, "కృషి చేస్తాను" వేరు, "తగ్గిస్తాను" పూర్తిగా వేరు. మొదటిది తేల్చడం చాలా సులభం. ఉదాహరణకు కనీస వేతనం 15 డాలర్లకు పెంచే బిల్లును అసెంబ్లీ 2024లోనూ 2025లోనూ పాస్ చేస్తే అప్పటి రిపబ్లికన్ గవర్నర్ గ్లెన్ యంగ్‌కిన్ రెండుసార్లూ వీటో చేశారు. అలాంటి బిల్లు వస్తే సంతకం చేస్తానన్నది స్పాన్‌బర్గర్ మాట. బిల్లు ఆమె బల్ల మీదకు వచ్చిన రోజు తేలిపోతుంది, దానికి వాదన అక్కర్లేదు. "కృషి చేస్తాను" దగ్గరే చిక్కంతా, దాన్ని నేను హామీల పట్టికలో వేయను, పక్కన వేరే జాబితాలో పెడతాను.

ఇప్పుడు ఎవరి చేతిలో ఏముందో చూద్దాం. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, అసలు విషయమంతా ఇదే.

ఇండియాలో గవర్నర్ అంటే రాజ్‌భవన్‌లో (ఇప్పుడు లోక్‌భవన్ అంటున్నారు) ఉండే పెద్దమనిషి. ఇక్కడ గవర్నర్ ముఖ్యమంత్రి లాంటివారు, కానీ ఒక తేడా ఉంది. హైదరాబాద్‌లోనో అమరావతిలోనో ముఖ్యమంత్రి అంటేనే సభలో మెజారిటీ ఉన్న మనిషి, బిల్లు పెడితే పాసవుతుంది, హామీ ఆగితే డబ్బు దగ్గరో కోర్టులోనో ఆగుతుంది. వర్జీనియాలో గవర్నర్‌ను జనం వేరుగా ఎన్నుకుంటారు, సభ్యులను వేరుగా ఎన్నుకుంటారు. గవర్నర్ ఒక పార్టీ, హౌస్ ఇంకో పార్టీ అవడం ఇక్కడ మామూలే. పైగా సొంత పార్టీ సెనేటరే కమిటీలో బిల్లును చంపేసినా ఆ సెనేటర్‌ను ఎవరూ ఏమీ చేయలేరు.

గవర్నర్ ఒక్కరే చేయగలిగేది ఎగ్జిక్యూటివ్ ఆర్డర్. స్పాన్‌బర్గర్ మొదటిరోజే పది ఆర్డర్ల మీద సంతకం పెట్టారు, మీ గ్రూపులో "అన్నీ సంతకం అయిపోయింది" అన్న మాట అక్కడినుంచే వచ్చి ఉంటుంది. అందులో మొదటిది ఖర్చుల గురించే. తెరిచి చదవండి. అందులో ఉన్నది ప్రభుత్వ శాఖలన్నీ తమ పరిధిలో జనం ఖర్చు తగ్గించే మార్గాలేమిటో 90 రోజుల్లో రిపోర్ట్ ఇవ్వాలని. అంటే ఖర్చు తగ్గలేదు, రిపోర్ట్ అడిగారు. ఇది తప్పు కాదు, ఎవరైనా అక్కడినుంచే మొదలుపెట్టాలి. మీ పట్టికలో మాత్రం "పూర్తయింది" అని కాకుండా "మొదలైంది, రిపోర్ట్ ఏప్రిల్ మధ్యకు రావాలి" అని రాసుకోండి. ఏప్రిల్‌లో ఆ రిపోర్టులు బయటికి వచ్చాయా, వాటిలో ఎన్ని బడ్జెట్ సవరణలుగానో రూల్ మార్పులుగానో మారాయి అన్నదే అసలు లెక్క.

అదే రోజు పదో ఆర్డర్‌తో యంగ్‌కిన్ కాలంనాటి 47వ ఆర్డర్‌ను రద్దు చేశారు. రాష్ట్ర పోలీసులు ఫెడరల్ ఇమిగ్రేషన్ పనుల్లో పాలుపంచుకునేలా ఒప్పందాలు చేసుకోమని చెప్పిన ఆర్డర్ అది. ఆర్డర్‌ను ఆర్డర్‌తో కొట్టేయడం గవర్నర్ చేతిలో పనే, అక్కడివరకు అయిపోయినట్టే. కానీ పాత ఆర్డర్ పోయినంత మాత్రాన దాని కింద అప్పటికే చేసుకున్న ఒప్పందాలు వాటంతట అవే పోవు, అవి వేరే వరస, వేరే తేదీ.

ఆర్డర్ ఎంతవరకు నిలబడుతుందన్నది కోర్టు కూడా చెబుతుంది. మెక్‌ఆలిఫ్ 2016 ఏప్రిల్‌లో శిక్ష పూర్తి చేసుకున్న దాదాపు 2,06,000 మందికి ఒకే ఆర్డర్‌తో ఓటుహక్కు తిరిగి ఇచ్చారు. టీవీల్లో పెద్ద వార్త. జూలైలో వర్జీనియా సుప్రీంకోర్టు కొట్టేసింది, మూకుమ్మడిగా ఇవ్వడం కుదరదు, ఒక్కొక్కరిగా ఇవ్వాలంది. ఆయన అప్పుడు ఒక్కొక్కరి ఫైలూ తెప్పించుకుని పదవి దిగేలోపు 1,73,000 మందికి పైగా ఇచ్చారు. ఏప్రిల్‌లో పట్టిక చూసినవాళ్లు "నెరవేరింది" అనేవారు, జూలైలో చూసినవాళ్లు "విఫలం" అనేవారు. నా దృష్టిలో అది నెరవేరిన హామీ. కోర్టు దారి మూసినా ఆయన ఇంకో దారి వెతికి పని ముగించారు, అలాంటి పట్టుదలకు మార్కులు వేయని పట్టిక ఎందుకు?

రెగ్గీ (RGGI) సంగతి ఇంకో రకం. కరెంటు ప్లాంట్లు వదిలే కార్బన్‌కు ధర కట్టించే రాష్ట్రాల కూటమి అది. అందులో చేరడానికి 2020లో అసెంబ్లీ చట్టం చేసింది, 2021 నుంచి వర్జీనియా పాల్గొంది. యంగ్‌కిన్ పదవిలోకి రాగానే బయటికి వస్తామని ఆర్డర్ ఇచ్చారు, తర్వాత రాష్ట్ర ఎయిర్ బోర్డు రూల్ మార్చింది, 2023 చివరికి బయటికి వచ్చేశాం. 2024 నవంబర్‌లో ఫ్లాయిడ్ కౌంటీ జడ్జి అది చట్టవిరుద్ధమన్నారు, చట్టం చేర్చిందాన్ని రూల్‌తో తీసేయలేరన్నది వాదన. స్పాన్‌బర్గర్ తిరిగి చేరతామన్నారు. ఇందులో గమనించాల్సింది ఆర్డర్ కాదు. రూల్ తిరిగి వచ్చిందా, కార్బన్ పర్మిట్ల వేలంలో వచ్చే డబ్బుకు బడ్జెట్‌లో వచ్చే పద్దు, పోయే పద్దు ఉన్నాయా, ఆ వేలంలో వర్జీనియా పేరు ఉందా అన్నది. ఆ డబ్బులో 45 శాతం వరద నివారణకు, 50 శాతం తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ఇళ్లలో కరెంటు ఆదాకు వెళ్లాలని చట్టంలోనే ఉంది. కంపెనీలు ఆ ఖర్చును బిల్లులో మన మీద వేస్తాయన్నదీ నిజమే, ఖర్చులు తగ్గిస్తానన్న హామీతో ఇది ఎక్కడ తగులుతుందో మీరే చూడండి. ఒక హామీ ఇంకో హామీని కోసే చోట్లు ప్రతి గవర్నర్ జాబితాలోనూ ఉంటాయి, వాటిని గుర్తుపెట్టడం పట్టికలో చాలా విలువైన పని.

ఇక అసెంబ్లీ. 2025 ఎన్నికల తర్వాత హౌస్‌లో 100కి 64 సీట్లు డెమోక్రాట్లవి, సెనేట్‌లో 21-19. సెనేట్‌లో టై అయితే ఓటు వేసేది లెఫ్టినెంట్ గవర్నర్ గజాలా హష్మీ, ఆవిడ పుట్టింది మన హైదరాబాద్‌లోనే. అంటే స్పాన్‌బర్గర్‌కు "అవతలి పార్టీ అడ్డుపడింది" అనే సాకు దాదాపు లేదు. డెమోక్రాటే అయిన మెక్‌ఆలిఫ్‌కు ఉండేది. ఆయన తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్‌ను విస్తరిస్తానని గెలిచారు, రిపబ్లికన్ల చేతిలో ఉన్న హౌస్ నాలుగేళ్లూ ఒప్పుకోలేదు. 2017లో హౌస్‌లో డెమోక్రాట్లు ఒక్క దెబ్బకు 15 సీట్లు పెంచుకున్నాక, తర్వాతి గవర్నర్ రాల్ఫ్ నార్తమ్ హయాంలో 2018లో పాసైంది, 2019 జనవరి 1 నుంచి అమలైంది. దాదాపు నాలుగు లక్షల మందికి అర్హత వచ్చింది. మెక్‌ఆలిఫ్ పట్టికలో అది "జరగలేదు" అనే ఉంటుంది, అయితే ఎందుకు జరగలేదో పక్కన రాయకపోతే ఆ పట్టిక చదివినవాడికి అబద్ధం చెప్పినట్టే.

21-19 అన్నది కూడా తక్కువ అంచనా వేయకండి. ఒక్క సెనేటర్ అటు ఇటు అయితే టై, ఇద్దరు పోతే బిల్లు పోయినట్టే. కాబట్టి ఫలానా బిల్లు కమిటీలో ఎవరి ఓటుతో ఆగిందో చూడాలి. మీ సొంత సెనేటరే కావచ్చు.

కరెంటు బిల్లు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో అందరికీ టెన్షన్ దాని గురించే. రేట్లు గవర్నర్ తేల్చరు. స్టేట్ కార్పొరేషన్ కమిషన్ తేలుస్తుంది, అందులో ముగ్గురు జడ్జిలు, వాళ్లను ఎన్నుకునేది అసెంబ్లీ, ఆరేళ్లకు. 2025 నవంబర్‌లోనే, అంటే స్పాన్‌బర్గర్ ప్రమాణానికి ముందే, కమిషన్ డొమినియన్ కరెంటు కంపెనీకి 2026లో దాదాపు 56.6 కోట్ల డాలర్ల రేట్ల పెంపు ఒప్పుకుంది, కంపెనీ అడిగింది అంతకంటే బాగా ఎక్కువ. అదే తీర్పులో 25 మెగావాట్లు దాటి వాడేవాళ్లకు, అంటే ముఖ్యంగా డేటా సెంటర్లకు, 2027 నుంచి వేరే రేటు తరగతి పెట్టింది. 2026లో మీ బిల్లు పెరిగితే అది కొత్త గవర్నర్ పెంచింది కాదు, 2027లో డేటా సెంటర్ల మీద భారం కాస్త పెరిగితే అది మొత్తంగా ఆవిడ చేసిందీ కాదు. "డేటా సెంటర్లు వాటి వంతు కట్టాలి" అన్న హామీని కొలవాలంటే ఈ తీర్పుకు మించి ఏం జరిగిందన్నదే చూడాలి. కొత్త చట్టం వచ్చిందా, వాటికిచ్చే సేల్స్ టాక్స్ మినహాయింపులో మార్పు వచ్చిందా, కమిషన్‌లో ఖాళీ వస్తే ఎవరిని వేశారు. అసెంబ్లీ ఆడిట్ సంస్థ జేలార్క్ 2024 డిసెంబర్‌లో డేటా సెంటర్ల మీద పెద్ద రిపోర్ట్ ఇచ్చింది. అడ్డూ అదుపూ లేకపోతే రాష్ట్రంలో కరెంటు డిమాండ్ పదేళ్లలో రెట్టింపు అవుతుందని అందులో ఉంది. మీరు లౌడన్ కౌంటీలో ఉన్నారు, కిటికీలోంచి చూస్తే కనిపించేవే అవన్నీ, కాబట్టి ఆ రిపోర్ట్ సారాంశమైనా తప్పకుండా చదవండి.

ఇంకో చిన్న పని. మీ బిల్లు తీసి చూడండి, డొమినియనా, నోవెక్కా? ఆష్‌బర్న్‌లో రెండూ ఉన్నాయి. నోవెక్ సహకార సంఘం, పైన చెప్పిన డొమినియన్ తీర్పు దానికి వర్తించదు. డొమినియన్ బిల్లయితే డిస్ట్రిబ్యూషన్ వేరు, సప్లై వేరు, సప్లైలో మళ్లీ ఇంధనం ఖర్చు వేరుగా ఉంటాయి. గ్యాస్ ధర పెరిగి ఇంధనం పద్దు పెరిగితే అది రిచ్‌మండ్‌లో ఎవరి చేతిలోనూ లేదు. జనవరి బిల్లు ఒకటి దాచిపెట్టుకోండి, ప్రతి జనవరిలోనూ అదే పద్దుతో పోల్చండి. మొత్తం డాలర్లు పోల్చితే చలి ఎక్కువైన ఏడాది అంతా తప్పుగా కనిపిస్తుంది, యూనిట్‌కు ఎంత పడిందో చూడండి.

ఇళ్ల ధరల హామీ ఇంకా కష్టం. ఎక్కడ ఏం కట్టవచ్చో తేల్చే జోనింగ్ కౌంటీల చేతిలో ఉంది. అయితే వర్జీనియాలో కౌంటీకి రాష్ట్రం ఇచ్చిన అధికారాలే ఉంటాయి, డిలన్ రూల్ అంటారు. రిచ్‌మండ్ "ఇలా చేయవచ్చు" అని చట్టం చేస్తే అది కౌంటీకి అనుమతి మాత్రమే, మీ బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ వాడుకుంటుందో లేదో వేరే కథ. కాబట్టి ఆ హామీ కింద రెండు వరసలు వేయండి, చట్టం ఒకటి, లౌడన్ నిర్ణయం ఒకటి. వీసాలు, గ్రీన్‌కార్డ్ క్యూ, హెచ్-1బి ఫీజులు వీటిని ఆమె పట్టికలో అసలు వేయవద్దు, అవి వాషింగ్టన్‌వి. మన గ్రూపుల్లో ఈ కలగలుపు చాలా ఎక్కువ.

రాజ్యాంగ సవరణల్లో గవర్నర్ సంతకం ఊసే లేదు. మధ్యలో హౌస్ ఎన్నిక ఒకటి జరిగేలా రెండుసార్లు అసెంబ్లీ పాస్ చేయాలి, ఆ తర్వాత జనం ఓటు. శిక్ష పూర్తయినవాళ్లకు ఓటుహక్కు దానంతట అదే తిరిగి వచ్చే సవరణ 2026 జనవరిలో రెండోసారి పాసై ఆ ఏడాది నవంబర్ బ్యాలెట్‌కు వెళ్లింది. అది గెలిస్తే ఘనత ఆమెదే అనకండి, ఓడితే తప్పు ఆమెదే అనకండి.

బడ్జెట్ దగ్గర అందరూ పొరబడతారు. వర్జీనియా బడ్జెట్ రెండేళ్లది, జూలై 1 నుంచి మొదలవుతుంది. ఈ 2026-28 బడ్జెట్ ప్రతిపాదించింది స్పాన్‌బర్గర్ కాదు, 2025 డిసెంబర్‌లో దిగిపోతూ యంగ్‌కిన్ పెట్టారు. ఇక్కడ పద్ధతే అంత. కొత్త గవర్నర్ దానికి సవరణలు పంపవచ్చు, అసెంబ్లీ పాస్ చేశాక కొన్ని పద్దులు వీటో చేయవచ్చు, అంతే. ఆవిడ మొదటినుంచి చివరిదాకా సొంతంగా రాసే రెండేళ్ల బడ్జెట్ 2027 డిసెంబర్‌లో వస్తుంది. అప్పటికి సగం పదవీకాలం అయిపోతుంది. వర్జీనియాలో గవర్నర్ వరసగా రెండోసారి పోటీ చేయకూడదు, దేశంలో ఈ రూల్ ఉన్న రాష్ట్రం ఇదొక్కటే. కాబట్టి మళ్లీ ఓటు వేసేటప్పుడు చూసుకుందాంలే అనే అవకాశం మనకు లేదు. 2027 నవంబర్‌లో హౌస్, సెనేట్ ఎన్నికలున్నాయి, ఆ తర్వాత లెక్క ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు. ఆమెకు గట్టిగా దొరికేవి 2026, 2027 సెషన్లు. పెద్ద హామీలు ఈ రెండింటిలో కదలకపోతే నాకు అనుమానమే.

పాత బడ్జెట్ వల్ల ఘనత ఎవరికి రాయాలో కూడా చిక్కే. యంగ్‌కిన్ 2021లో కిరాణా మీద పన్ను మొత్తం తీసేస్తానన్నారు. అప్పట్లో అది 2.5 శాతం, అందులో ఒక శాతం స్థానిక ప్రభుత్వాలది, మిగతా 1.5 రాష్ట్రానిది. ఆయన గెలిచాక, ప్రమాణానికి ముందే, దిగిపోతున్న నార్తమ్ తన చివరి బడ్జెట్‌లో ఆ 1.5 తీసేయాలని ప్రతిపాదించారు. 2023 జనవరి 1 నుంచి అది పోయింది, స్థానిక ఒక శాతం మాత్రం ఉండిపోయింది, ఎందుకంటే అది తీస్తే కౌంటీలకు ఆ డబ్బు ఎవరిస్తారన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఇది మీరు ఇండియన్ స్టోర్ రసీదులోనే చూడవచ్చు. సోనామసూరి బస్తా, కందిపప్పు, కొత్తిమీర మీద ఒక శాతం పడుతుంది, అదే కౌంటర్ దగ్గర వేడివేడి సమోసాలు తీసుకుంటే వండిన తిండి కింద మామూలు రేటు, ఉత్తర వర్జీనియాలో ఆరు శాతం. రసీదు కింద రెండు పన్నులు వేర్వేరుగా కనబడతాయి. మా పట్టికలో దీన్ని "చాలావరకు" అని రాశాం, పక్కన నార్తమ్ పేరు కూడా రాశాం. కొందరికి నచ్చలేదు. కానీ పన్ను పోయిందా, ఎంత పోయింది, ఎవరు పెట్టారు అన్న మూడిటికీ కాగితం ఉంది. అదే యంగ్‌కిన్ పెట్రోల్ పన్ను పెంపును ఏడాదిపాటు ఆపుతానన్న హామీ సెనేట్‌లో డెమోక్రాట్ల దగ్గర ఆగిపోయింది. స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడని మొత్తం) రెట్టింపు చేస్తానంటే ఒంటరివాళ్లకు 4,500 నుంచి 8,000 అయింది, రెట్టింపుకు కాస్త తక్కువ, పైగా మొదట 2025 వరకే అని రాశారు, తర్వాత పొడిగించారు.

ఆ "వరకే" అన్న మాటలు పట్టుకోవడం నేర్చుకోండి. బిల్లుల సైట్ పేరు ఎల్‌ఐఎస్, అందరికీ ఉచితం. బిల్లు నంబర్ కొడితే దాని ప్రయాణమంతా వరసగా కనిపిస్తుంది. పాసైనట్టు వార్త వచ్చినా చివరి పేరాలు చదవండి. అసలు మెలికలన్నీ అక్కడే ఉంటాయి. అమలు తేదీ రెండేళ్ల తర్వాత ఉండవచ్చు. బడ్జెట్‌లో డబ్బు కేటాయిస్తేనే అని ఉండవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, వచ్చే సెషన్ మళ్లీ పాస్ చేస్తేనే అమలు అనే క్లాజు. గంజాయి అమ్మకాల చట్టం దానికి మంచి ఉదాహరణ. 2021లో పాసైనప్పుడు దగ్గర ఉంచుకోవడం జూలై నుంచే చట్టబద్ధమైంది, దుకాణాల్లో అమ్మకాలు మాత్రం 2022 సెషన్ మళ్లీ పాస్ చేస్తేనే అని రాశారు. ఆ మధ్యలో ఎన్నికల్లో హౌస్ రిపబ్లికన్ల చేతికి వెళ్లింది, మళ్లీ పాస్ కాలేదు, తర్వాత 2024, 2025ల్లో పాస్ చేస్తే యంగ్‌కిన్ వీటో చేశారు. చట్టం వచ్చేసిందని 2021లో సంబరపడినవాళ్లు ఏళ్లపాటు ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ విషయం మీద మీ అభిప్రాయం ఏదైనా సరే, క్లాజు ఎలా పనిచేస్తుందో చూడండి.

ఇంకా పాత కథ ఒకటి, మీ ఇంటికి ప్రతి ఏడాదీ వచ్చేదే. కారు టాక్స్. జిమ్ గిల్‌మోర్ 1997లో దాన్ని ఎత్తేస్తానని గవర్నర్‌గా గెలిచారు, 1998లో చట్టం కూడా వచ్చింది, కారు విలువలో మొదటి 20,000 డాలర్ల మీద పన్నును ఏటా కొంత చొప్పున 2002 కల్లా నూరు శాతం రాష్ట్రమే భరించాలి. 2001లో 70 శాతం దగ్గర డబ్బు చాలక ఆగింది. 2004లో అసెంబ్లీ ఏడాదికి 95 కోట్ల డాలర్లు దాటి ఇవ్వమని హద్దు పెట్టింది, 2006 నుంచి అమల్లోకి వచ్చింది, ఆ హద్దు అలాగే ఉంది. కార్ల సంఖ్య, ధర పెరిగాయి, ఇచ్చే మొత్తం పెరగలేదు, కాబట్టి ఒక్కో కారుకు దక్కే శాతం తగ్గుతూ వచ్చింది. మీ కౌంటీ పంపే బిల్లులో ఆ రాయితీ వరస విడిగా ఉంటుంది, చూసుకోండి. ఈ హామీని 1999లో కొలిస్తే అద్భుతం, 2002లో కొలిస్తే సగం దారి, ఇప్పుడు మన చేతిలో ఉన్న బిల్లు చూస్తే మీకే అర్థమవుతుంది. నేను ఏ పన్ను హామీ చూసినా ముందు అడిగేది ఇదే: ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చట్టంలో రాశారా, లేక ఆర్థిక పరిస్థితి బాగున్నంత కాలమేనా?

గుర్తులు ఎలా పెట్టాలంటే, నేను వాడేవి కొన్నే. కదల్లేదు, మొదలైంది, ఆగింది (ఎవరి దగ్గర అని తప్పకుండా), కొంత అయింది, అయింది, మాట తప్పారు. చివరిది వాడటానికి తొందరపడను. తన చేతిలో ఉన్న పని చేయకపోయినా, చెప్పినదానికి వ్యతిరేకంగా సంతకం పెట్టినా అప్పుడే అది. అవతలివాళ్లు అడ్డుపడితే "ఆగింది". ఇంకో కాలమ్‌లో ఫలితం వేయండి, ఎందుకంటే పని జరగడం వేరు, ఇంట్లో ఖర్చు తగ్గడం వేరు. చట్టం వచ్చినా ఫలితం రెండుమూడేళ్లకు గానీ కనబడదు. అప్పటిదాకా ఆ కాలమ్ ఖాళీగా వదిలేయండి, ఊహించి నింపవద్దు.

అన్ని హామీలూ చూడాలనుకోకండి, మీకు నిజంగా తగిలే నాలుగైదు చాలు. రోజూ చూడనక్కర్లేదు కూడా. 2026 సెషన్ గడువు మార్చి మధ్య వరకు. సెషన్ చివర్లో వచ్చిన బిల్లులకు గవర్నర్‌కు 30 రోజులు. సంతకం పెట్టవచ్చు, వీటో చేయవచ్చు, సవరణ కోరవచ్చు, ఏమీ చేయకపోతే సంతకం లేకుండానే చట్టమవుతుంది. ఆ తర్వాత (2026లో అయితే ఏప్రిల్ 22న) అసెంబ్లీ మళ్లీ కూర్చుని వీటోలు, సవరణలు చూస్తుంది. వీటో దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. ఎక్కువ చట్టాలు జూలై 1న అమల్లోకి వస్తాయి. గవర్నర్ కోరిన సవరణల మీద కన్నేసి ఉంచండి, హామీ మెత్తబడేది చాలాసార్లు అక్కడే, ఆ వార్త పేపర్లో మూలన కూడా రాదు. డిసెంబర్‌లో బడ్జెట్ సవరణలు వస్తాయి, అప్పుడు ఒకసారి కూర్చుంటే ఆ ఏడాదికి సరిపోతుంది.

ఇక మీ ఇంటావిడ సంగతి. ఓటు లేదు కానీ మిగతావన్నీ చేయవచ్చు. డెలిగేట్ (హౌస్ సభ్యుల పేరు అది) ఆఫీసుకు ఉత్తరం రాయవచ్చు, ఫోన్ చేయవచ్చు, ఆ నియోజకవర్గంలో ఉంటున్న మనిషిగా అడిగే హక్కు ఉంది. హౌస్ కమిటీలో ఫలానా బిల్లు మీద ఇంటినుంచే ఆన్‌లైన్‌లో మాట్లాడటానికి పేరు ఇవ్వవచ్చు, రాతపూర్వకంగా కామెంట్ పెట్టవచ్చు, దానికి హోడ్‌స్పీక్ అనే పేజీ ఉంది. రూల్స్ మార్చేటప్పుడు రెగ్యులేటరీ టౌన్‌హాల్ సైట్‌లో పబ్లిక్ కామెంట్ గడువు పెడతారు, రెగ్గీ లాంటివి వస్తే అక్కడ రాయవచ్చు. రాసేటప్పుడు బిల్లు నంబర్ మొదటి లైన్‌లోనే పెట్టమనండి, మీ ఇంటి కరెంటు బిల్లులో ఏ పద్దు ఎంత పెరిగిందో రెండు ముక్కల్లో రాయమనండి. ఆఫీసులో చదివేది ఎక్కువగా కుర్ర సహాయకులే, నంబర్ ఉన్న ఉత్తరం అయితే ఫైల్లోకి వెళ్తుంది.